కాంప్టన్ వెళ్తే ముందు గుట్ట మీది చాపెల్ చూడండి

ముప్పై ఏళ్ళు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేశాను. అంటే లెక్కల మాస్టారు సిలబస్ అవ్వలేదని అప్పు తీసుకునే పీరియడు నాదన్నమాట. అది తెలిసే మా అమ్మాయి, "నాన్నా, నీకు నచ్చేది ఒకటుంది" అని ఇంగ్లండ్‌లో గిల్డ్‌ఫర్డ్ పక్కనున్న కాంప్టన్ అనే ఊరికి తీసుకెళ్ళింది.

అక్కడ అందరూ చూసేది వాట్స్ గ్యాలరీ. విక్టోరియా కాలంలో పెద్ద పేరున్న చిత్రకారుడు జార్జ్ ఫ్రెడరిక్ వాట్స్ బొమ్మలకోసం 1904లో తెరిచారు. బావున్నాయి, కాదనను. గంటసేపు చూసేసరికి ఆ గంభీరం మాత్రం బరువనిపించింది. నా ఓటు ఆయన భార్య మేరీకి.

ఆవిడ 1849లో మన దేశంలోనే, అహ్మద్‌నగర్‌లో పుట్టింది. స్కాట్లాండ్‌లో పెరిగి, లండన్‌లో స్లేడ్ అనే ఆర్ట్ స్కూల్లో చిత్రకళ నేర్చుకుంది. 1886లో పెళ్ళి. ఆవిడకి 36, ఆయనకి 69! కాంప్టన్‌లో కొత్త శ్మశానానికి స్థలం తీసుకుంటే, అక్కడ ప్రార్థనకి చిన్న చర్చిలాంటి చాపెల్ నేను కట్టిస్తానంది. సొంత స్థలంలో బంకమట్టి దొరికింది. సాయంత్రాలు ఊరివాళ్ళని ఇంట్లో కూర్చోబెట్టి మట్టిపని నేర్పింది. వెలుపలి నగిషీలో 70 మందికి పైగా చెయ్యి ఉంది. ఖర్చుకోసం పెద్దాయన డబ్బుకి పోర్ట్రెయిట్లు గీశాట్ట! ఆ క్లాసే తర్వాత కుమ్మరి పనివాళ్ళ సంఘమై, 1938లో ఆవిడ పోయాక కూడా నడిచింది.

గ్యాలరీ నుంచి నాలుగడుగులు నడిస్తే ఆ చాపెల్ వస్తుంది, గుట్ట మీద ఎర్రగా. వాకిలి చుట్టూ కాల్చిన మట్టి తీగలు, ముడులు, దేవదూతల మొహాలు. దగ్గరికెళ్ళి చూశాను. ఒక ఆకు మీద ఈనె కాస్త పక్కకి జారింది. నేర్చుకునేవాడి చెయ్యి అది. మాస్టారు దిద్దకుండా వదిలేసిన చోటు అలాగే ఉంటుంది, నాకు తెలుసు.

లోపల మసక చీకటి, ఓ నిమిషం కళ్ళు అలవాటు పడనివ్వండి. గోడల నిండా రెక్కల మనుషులు, ఎరుపు, ఆకుపచ్చ, బంగారు రంగుల్లో ఉబ్బెత్తుగా. ఒకరు మనవైపు చూస్తుంటే పక్కవారు వీపు తిప్పి ఉంటారు. వెలుగూ చీకటీ అట. నార, ప్లాస్టరు కలిపి పెట్టి పైన రంగులేశారు. కొండపల్లి బొమ్మలవాళ్ళు మక్కు (చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద) పెట్టి చెవులు, చేతులు అతికే పద్ధతి గుర్తొచ్చింది. ఈ లోపలి పని పూర్తయ్యేసరికి 1904.

చాపెల్‌కి టికెట్ లేదు, గ్యాలరీకి ఉంది. మోకాళ్ళ నొప్పులుంటే ఎక్కేటప్పుడు నిదానంగా ఎక్కండి. గోడల్ని మాత్రం తాకొద్దు, నాకు చెయ్యి ఆగక మా అమ్మాయి చేత అనిపించుకున్నాను. తను కారు తిప్పుకొచ్చేలోపు ఆ జారిన ఈనె దగ్గరికి ఇంకోసారి వెళ్ళొచ్చాను.