న్యూట్ పిల్లకి కాలు మళ్లీ మొలిచింది, అయినా ఈ బాక్స్‌కి మూడు స్టార్లే

ముందే చెప్పేస్తున్నా, ఇది చేపల కోసం చేసిన బాక్స్. ట్యాంక్ అంచుకి బయటివైపు తగిలించుకునే అక్రిలిక్ బ్రీడర్ బాక్స్ (పిల్లల్ని విడిగా ఉంచే డబ్బా), చిన్న ఎయిర్ పంప్‌తో నడుస్తుంది, అట్టపెట్టె మీద గప్పీ పిల్లల బొమ్మ ఉంటుంది. నేను కొన్నది మాత్రం ఎడమ ముందుకాలు సగం పోగొట్టుకున్న న్యూట్ పిల్ల కోసం. న్యూట్ అంటే చూడ్డానికి బల్లిలా ఉండే, కప్పలకి చుట్టమైన ఉభయచరం. రెండున్నర నెలలు వాడాక రాస్తున్నా. కంపెనీ పేరు రాయట్లేదు, ఒకే అచ్చులో పోసినట్టుండే ఈ బాక్సులు ఎన్నో పేర్లతో దొరుకుతున్నాయి, మీ చేతికి ఏది వచ్చినా దాదాపు ఇదే.

నా దగ్గరున్నవి చైనీస్ ఫైర్ బెల్లీ న్యూట్ పిల్లలు, గుడ్ల నుంచి పెంచుకున్నవి. అప్పటికి రెండు నెలల వయసు, మూడు సెంటీమీటర్ల పొడవు, మెడకి రెండువైపులా ఈకల్లాంటి మొప్పలు ఇంకా ఉన్నాయి. ఈ వయసులో వీటి లెక్క ఒక్కటే, కదిలేదంతా తిండే. పక్కదాని కాలివేళ్లు కదిలితే పురుగనుకుని పట్టేస్తాయి, పట్టాక వదలకుండా తల విదిలిస్తాయి. పగేం కాదు, పొరపాటే, కానీ కాలు పోయినదానికి ఆ తేడా ఏం తెలుస్తుంది! ఒకరోజు పొద్దున లైట్ వేసి చూస్తే ఒకదానికి మోచేతి కింద ఏమీ లేదు, తెల్లటి చిన్న మొండి, అంతే.

కొత్తగా పెంచేవాళ్లు ఇక్కడే టెన్షన్ పడి మందుల కోసం పరిగెడతారు. కాలు మొలిపించే మందు ఏదీ లేదు, అవసరమూ లేదు. సాలమాండర్లకి (న్యూట్‌లూ వీటిలో ఒక రకమే) తెగిన కాళ్లు, తోక మళ్లీ వస్తాయని ఇటలీకి చెందిన స్పల్లాంజానీ 1768లోనే రాశాడు. కప్పకి ఈ విద్య తోకకప్పగా ఉన్నప్పుడు ఉండి పెద్దయ్యాక దాదాపుగా పోతుంది, న్యూట్‌కి పెద్దయ్యాకా ఉంటుంది, కాకపోతే పిల్లల్లో పని త్వరగా అవుతుంది. కంటి లెన్స్ కూడా వస్తుంది. జపాన్‌లో కొందరు శాస్త్రవేత్తలు అవే న్యూట్‌లకి 16 ఏళ్లలో 18 సార్లు లెన్స్ తీసి చూశారు, 18 సార్లూ మళ్లీ వచ్చింది. అందుకే ఈ బాక్స్ అట్ట మీద 'గాయాలు త్వరగా మానుతాయి' అని రాసింది చూసి నవ్వొచ్చింది. మానేది న్యూట్ వల్ల. బాక్స్ చెయ్యాల్సింది తోబుట్టువుల నోళ్లు అందకుండా చూడటం, నీళ్లు చెడకుండా చూడటం, మూత గట్టిగా పట్టి ఉండటం. ఈ మూడింట్లో ఒకటే పూర్తిగా పాసయింది.

పాసయింది నీళ్ల విషయంలో. పంప్ ట్యాంక్ నీళ్లనే సన్నటి గొట్టంతో బాక్స్‌లోకి ఎత్తుతుంది, అవి ఇంకోవైపు గాట్లలోంచి మళ్లీ ట్యాంక్‌లో పడతాయి. గ్లాసుడు నీళ్లున్న డబ్బాలో పెట్టి రోజూ నీళ్లు మార్చినవాళ్లకి దీని విలువ తెలుస్తుంది, తినగా మిగిలిన ఒక్క పురుగు కుళ్లినా ఆ డబ్బాలో అమ్మోనియా పెరిగి మొండికి బూజు పడుతుంది. ఇక్కడ ఆ బెడద లేదు. కాకపోతే పంప్ పూర్తిగా తిప్పితే ప్రవాహం మరీ ఎక్కువ, పిల్ల ఒక మూలకి కొట్టుకుపోయింది. గాలి గొట్టానికి వాల్వ్ విడిగా తెచ్చుకుని బాగా తగ్గించాను, అది పెట్టెలోనే ఇచ్చి ఉండాల్సింది. ఇంకోటి, తిండికి వేసిన డాఫ్నియా (చిన్న నీటి పురుగులు) అంతా ఆ గాట్లలోంచి ట్యాంక్‌లోకి జారిపోయి, కరిచిన దొంగలకే విందయింది. గాట్లకి స్పాంజ్ ముక్క అడ్డం పెట్టాక సరిపోయింది.

అక్రిలిక్ మాత్రం అద్దంలా ఉంది, దానికి ఫుల్ మార్కులు. భూతద్దం పెట్టుకుని రోజూ చూశాను. మర్నాటికే మొండి మీద పల్చటి చర్మం పాకి మూసేసింది, పొక్కు కట్టలేదు. పదో రోజుకి చివర్లో పాలరంగు బుడిపె. బ్లాస్టీమా అంటారు దాన్ని, కాలు ఇందులోంచే వస్తుంది. మొండిలోని నరాలు అక్కడిదాకా చేరకపోతే ఇది పెరగదట. ఎక్కడ తెగిందో అక్కడినుంచి కిందిదే మొలుస్తుంది, మోచేతి దగ్గర తెగితే ఇంకో భుజం రాదు. ఆ లెక్క ఆ కణాలకి ఎలా గుర్తుంటుందో చదివినకొద్దీ తల తిరుగుతుంది.

పదహారో రోజున బాక్స్ అసలు రంగు బయటపడింది. ఈలోగా ఇంకో పిల్లకి తోక కొస పోయింది, దాన్ని కూడా ఇందులోనే వేసి మధ్యలో ఇచ్చిన అడ్డుపలక దించాను. పలక అడుక్కి ఆనదు. కింద సన్నటి సందు, చేపపిల్లకైతే ఫర్వాలేదేమో, కానీ న్యూట్ పిల్ల అడుగునే పాకుతుంది కదా. తోక పోయినది ఆ సందులోంచి మూతి పెట్టి, మా వాడి బుడిపెని కొరికేసింది! పదహారు రోజుల కష్టం ఒక్క నోటికి పోయింది, మళ్లీ మొదటికొచ్చాం. తర్వాత పలక కింద సిలికాన్ ట్యూబ్‌ని నిలువునా చీల్చి తొడిగాను, సందు పోయింది. ఈ పని మనం చెయ్యడమేంటి?

రెండోసారి కూడా అదే వరస. మొదట బుడిపె, తర్వాత అది కోసుగా సాగి, చివర తెడ్డులా చదునైంది. తెడ్డులో ఒక గాటు పడి మొదటి రెండు వేళ్లు విడివడ్డాయి, అప్పటికి చిన్న పట్టకారులా ఉంది. తర్వాత మూడోది, చివరికి నాలుగోది. నీళ్లు 20 డిగ్రీల దగ్గర ఉంచాను, త్వరగా పెరుగుతుందని వేడి పెంచే ఆలోచన పెట్టుకోకండి, ఈ జాతికి చల్లటి నీళ్లే పడతాయి. కడుపునిండా బ్లడ్‌వార్మ్ (ఎర్రటి సన్నటి పురుగులు) పెట్టాను. రెండో కాటు నుంచి ఆరు వారాలకి నాలుగు వేళ్ల కాలు వచ్చింది. మొదట్లో రంగు పల్చగా ఉండేది, ఇప్పుడు కుడికాలితో కలిసిపోయింది. నాలుగో వేలు ఒక్కటి కాస్త పొట్టి, అదైనా తెలిసి చూస్తేనే కనిపిస్తుంది.

ఇక మూత. అదే సమయానికి మొప్పలు కుంచించుకుపోయి, పిల్ల నేల మీదికి వచ్చే దశలో పడింది. ఆ దశలో ఇవి తడి గోడని పట్టుకుని నిట్టనిలువుగా ఎక్కేస్తాయి. మూత మీద గాలి గొట్టం కోసం చేసిన గాటు గొట్టానికి రెండింతలు వెడల్పుంది. ఒక రాత్రి చూస్తే బాక్స్ ఖాళీ. టార్చ్ పట్టుకుని వెతికితే ట్యాంక్ స్టాండ్ వెనక, దుమ్ము అంటుకుని, ఒళ్లు సగం ఎండి కూర్చుంది, కొత్త కాలిని గోడకి ఆనించి. తడి నాచులో పెట్టాక గంటకి తేరుకుంది. ఇప్పుడు ఆ గాటులో దూది కుక్కాను, మూత మీద రాయి పెట్టాను.