ఫ్యామిలీసెర్చ్‌లో తొమ్మిదేళ్లు: మారిపోయిన ఇంటిపేరు వెంట

మా వంశంలో ఒక శాఖ నాలుగు తరాల కిందట ఓడెక్కి వెళ్లిపోయింది. ఆ శాఖ ఆచూకీ కోసం నేను వెతకడం మొదలుపెట్టిన నాటికి చేతిలో ఉన్నవి ఒక మనిషి పేరు (ఆయననే ఇక్కడ మా పెద్దాయన అంటాను), వెలిసిపోయిన ఒక ఫొటో, దాని వెనుక రెండు రకాల అక్షరక్రమాలతో రాసిన ఒకే ఇంటిపేరు. బంధువుల కోరిక మేరకు ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. తొమ్మిదేళ్లుగా ఈ పనికి నేను ప్రధానంగా వాడుతున్నది పూర్వీకుల పాత దస్త్రాలను వెతికే ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటు. మధ్యలో రెండేళ్లు చందా కట్టే మరో సైటు కూడా వాడాను కాబట్టి పోల్చి చెప్పగలను.

మోర్మన్ సంఘమని జనం పిలిచే క్రైస్తవ సంఘం దీన్ని పూర్తిగా ఉచితంగా నడుపుతోంది. దీని మూల సంస్థ 1894లో సాల్ట్ లేక్ సిటీలో ఏర్పడింది. 1938 నుంచి దేశదేశాల చర్చి పుస్తకాలను, జనన మరణ వివాహాల వంటి పౌర నమోదు దస్త్రాలను మైక్రోఫిల్మ్‌గా, అంటే ఫిల్ము రీళ్ల మీద చిన్న ఫొటోలుగా, తీస్తూ వచ్చింది. వెబ్‌సైటు 1999లో మొదలైంది. దాదాపు 24 లక్షల రీళ్లను కంప్యూటర్‌కు ఎక్కించే పని 2021లో పూర్తయింది. కొత్తగా వచ్చేవారు ముందుగా గ్రహించవలసిన సంగతి ఒకటుంది. ఈ దస్త్రాలలో చాలా భాగానికి పేర్ల సూచిక లేదు కనుక, వెతుకుడు పెట్టెలో ఏమీ రాలేదంటే దస్త్రం లేదని అర్థం కాదు. కేటలాగులోకి వెళ్లి, స్థలం పేరుతో రిజిస్టరును తెరిచి, పేజీ తరువాత పేజీ చదవాలి. మొదటి ఏడాదంతా నేను పెట్టెనే నమ్ముకుని కూర్చున్నాను.

రెండో పొరపాటు ఇంటిపేరును నమ్మడం. అమెరికాకు వచ్చే వలసదారులను తనిఖీ చేసే న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ద్వీపంలో అధికారులు వలసదారుల పేర్లను ఇష్టం వచ్చినట్టు మార్చేశారనే కథ మా బంధువులలోనూ ఉంది. నిజానికి అక్కడి గుమాస్తాలు పేర్లను కొత్తగా రాసుకునేవారు కాదు; ఓడ బయలుదేరిన రేవులో తయారైన జాబితాను ముందు పెట్టుకుని సరిచూసేవారు. పేర్లు మారింది ఎక్కువగా ఆ తరువాతే, బడిలో, పనిచోట, ఇరుగుపొరుగు నోళ్లలో, చాలాసార్లు సొంత ఇష్టంతోనే. ష్మిట్ స్మిత్ అయ్యాడు, ముల్లర్ మిల్లర్ అయ్యాడు. కొన్ని సమాజాలలో తరతరాలకూ నిలిచే ఇంటిపేరన్నదే ఆలస్యంగా వచ్చింది: తుర్కియేలో 1934 చట్టంతో, నార్వేలో 1923 చట్టంతో అది తప్పనిసరి అయింది. అంతకుముందు నార్వేలో హాన్స్ కొడుకు హాన్సెన్, ఆ హాన్సెన్ పేరు ఓలే అయితే అతని కొడుకు ఓల్సెన్. అలాంటి కుటుంబం వలస పోయాక అన్నదమ్ములే రెండు వేర్వేరు పేర్లతో స్థిరపడినా ఆశ్చర్యం లేదు. ఇక పేరుకు అర్థం చెప్పి మూలం తేల్చే వ్యాసాలతో నాకు పెద్దగా పని పడలేదు. స్మిత్, ష్మిట్, కోవాల్‌స్కీ, హెరేరా అన్నీ కమ్మరి పనికి సంబంధించినవే. అంతమాత్రాన వాళ్లంతా చుట్టాలైపోరు.

ఉచ్చారణను బట్టి పేర్లను జతచేసే సౌండెక్స్ పద్ధతికి అమెరికాలో 1918లో పేటెంటు వచ్చింది. అది మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి తక్కిన హల్లులను అంకెలుగా మారుస్తుంది. అందువల్ల ఒకేలా పలికే పేరును ‘సి’తో రాస్తే ఒక సంకేతం, ‘కె’తో రాస్తే మరొకటి వస్తుంది. మా పేరు చిక్కుకున్నది సరిగ్గా అక్కడే. ఫ్యామిలీసెర్చ్‌లో ఒక అక్షరానికి బదులు ప్రశ్నార్థకం, ఎన్ని అక్షరాలకైనా బదులు నక్షత్రం గుర్తు వాడవచ్చు. అంతకన్నా బాగా పనికొచ్చింది ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలేయడం. తండ్రి పేరు, సుమారు పుట్టిన ఏడాది మాత్రమే ఇచ్చి వెతికితే మా పెద్దాయన చెల్లెలు వివాహ దస్త్రంలో కనిపించింది. ఆమె ఇంటిపేరు మేము ఊహించిన మూడు రకాలలో ఏదీ కాదు. 2024లో వచ్చిన పూర్తి పాఠం వెతుకులాట సదుపాయం కంప్యూటర్ చేత పాత చేతిరాతను చదివిస్తుంది. దానివల్ల పొరుగువాని భూమి పత్రంలో సాక్షిగా సంతకం చేసిన మా పెద్దాయన దొరికాడు. పాత సూచికలు అమ్మినవారినీ కొన్నవారినీ చూపుతాయి తప్ప సాక్షులను పట్టించుకోవు. అప్పటి నుంచి ఓడ జాబితాలో మనవాళ్లకు పైనా కిందా ఉన్న పది పేర్లను కూడా రాసుకుంటున్నాను.

అందరూ కలిసి పెంచే ఉమ్మడి వంశవృక్షం గురించి మాత్రం జాగ్రత్త చెప్పాలి. చనిపోయినవారి వివరాలను అందులో ఎవరైనా మార్చవచ్చు. ఒకే పేరున్న, అన్నదమ్ముల బిడ్డలైన ఇద్దరిని ఒక్కడే అనుకుని కలిపేసింది నేనే. ఎనిమిది నెలల తరువాత, పరిచయం లేని ఒకావిడ ఇద్దరి మరణ తేదీలనూ ఆధారాలతో జతచేసి విడదీశారు. మార్పుల చరిత్ర పదిలంగా ఉంటుంది కాబట్టి పాత వివరాలు వెనక్కి వచ్చాయి, నా సిగ్గు మాత్రం మిగిలింది. ఇప్పుడు ఆ వృక్షాన్ని ఆనవాళ్ల కోసమే చూస్తాను. సొంత ప్రతిని గ్రాంప్స్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఉంచుకుని, ప్రతి వాక్యానికీ ఆధారం రాస్తాను.

డీఎన్‌ఏ పరీక్ష కూడా చేయించాను. మగవారి వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుకుకు వెళ్తుంది కనుక ఇంటిపేరు దారినే నడుస్తుంది. మారిన పేర్లను పోల్చడానికి అది ఉపయోగం. తల్లిదండ్రులిద్దరి వైపు డీఎన్‌ఏనూ చూసే మామూలు పరీక్షలో, ముత్తాత తల్లిదండ్రులు ఉమ్మడిగా ఉన్న దూరపు బంధువులలో (థర్డ్ కజిన్స్) సుమారు పది శాతం మందికి అసలు జత కలవదు. జత రానంత మాత్రాన బంధుత్వం లేదని తేల్చకూడదు.

చందా సైటులో ఓడ జాబితాల సూచిక ఇంతకన్నా శుభ్రంగా ఉంది. చర్చి పుస్తకాల లోతులో మాత్రం అది ఫ్యామిలీసెర్చ్‌కు దీటు కాదని నా అనుభవం. ఫ్యామిలీసెర్చ్‌లోని కొన్ని చిత్రాలను అసలు దస్త్రాల యజమానులతో ఉన్న ఒప్పందాల వల్ల ఇంట్లో చూడలేము. దాని అనుబంధ గ్రంథాలయాలలో కూర్చుని చూడాలి. మా పెద్దాయన తల్లి పేరు ఉండవలసిన సంపుటాలు రెండు అలాంటి వాటిలోనే ఉన్నాయి. మొదటిది సగం చదివాను.