వ్యాక్ మిషన్ అద్దెకు తీసుకునేవారు జాగ్రత్త

పెద్దాసుపత్రి ఎదుటి సందులో మిషన్లు అద్దెకిచ్చే ఆ దుకాణం ఏదో మీలో చాలామందికి తెలుసు కనుక పేరు రాయడం లేదు. షుగరు వల్ల మా నాన్నగారి కాలి బొటనవేలు తీసేశారు. ఆ పుండుకు వ్యాక్ డ్రెసింగ్, అంటే పుండులో ఫోమ్ (స్పాంజి ముక్క) పెట్టి, పైన గాలి చొరని ప్లాస్టిక్ పొర అంటించి, గొట్టం ద్వారా మిషన్‌తో రసిని పీల్చే కట్టు వేసి, ఇంటి దగ్గర కొనసాగించమన్నారు. అద్దె తక్కువని 15,000 డిపాజిట్ కట్టి అక్కడ తెచ్చుకున్నాను. మంచి బేరమని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

రెండో రాత్రి ఒంటిగంటకు గాలి లీకవుతోందని అలారం మొదలైంది. ప్లాస్టిక్ పొర అంచులన్నీ నొక్కి చూశాం, పైన మరో ముక్క అంటించాం; అయినా మిషన్ మీద పీల్చే ఒత్తిడి 125 చూపించవలసిన అంకె 40 దాటలేదు. ఫోను చేస్తే యజమాని విసుక్కుంటూ, "ఆపేసి పడుకోండి సార్, పొద్దున్న మనిషి వస్తాడు" అన్నాడు. ఆపేశాను. పీల్చడం రెండు గంటలకు మించి ఆగితే ఫోమ్ తీసేసి తడి గాజుగుడ్డతో మామూలు కట్టు వేయించాలని సంచిలోని చిన్న పుస్తకంలోనే ఉంది. చదువుకున్నవాడినని పేరున్న నేను దాన్ని తెరవనేలేదు. మిషన్ పీల్చనప్పుడు గాలి చొరని ఆ పొర కింద రసి బయటకు పోయే దారి ఉండదు, పుండు మీద మూత బిగించినట్టే.

మనిషి రాలేదు. మధ్యాహ్నం మూడింటికి ఆసుపత్రిలో విప్పితే ఆ వాసనకు నాన్నగారే ముఖం తిప్పుకున్నారు. ఎన్ని గంటలు ఆగిందని డాక్టరుగారు అడిగితే, పద్నాలుగు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పుండును మళ్లీ కోసి శుభ్రం చేశారు.

సాయంత్రం తిరిగివ్వబోతే, "మిషన్‌లో లోపం లేదు, మీ నాన్నగారే కాలు కదిపి ఉంటారు" అంటూ 4,000 పట్టుకున్నాడు. పట్టుకుంటే పట్టుకున్నాడు. నా కళ్ల ముందే రసి నిండిన డబ్బా ఊడదీసి, గొట్టం తగిలించే చోట ఎండిన చారిక అలాగే ఉండగా, తుడవనైనా తుడవకుండా, "కొత్తదేనమ్మా" అని నా పక్కన నిలబడి ఉన్నావిడకు అందించాడు. నేను అడ్డుపడితే, "సారుకు డిపాజిట్ పోయిన బాధ" అని నవ్వాడు. ఆవిడ నా వంక ఒకసారి చూసి, వేరే గతి లేనట్టు డబ్బు కట్టి తీసుకెళ్లింది.

తీసుకోక తప్పనివారు దుకాణంలోనే నడిపించి చూసుకోండి, రాత్రి పిలిస్తే రాగల నర్సును ముందే మాట్లాడుకోండి, సెలైన్, గాజుగుడ్డ ఇంట్లో ఉంచుకోండి. గొట్టంలో ఎర్రటి రక్తం కనబడితే మాత్రం మిషన్ ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. సోమవారం సాయంత్రం ఆ మిషన్ తీసుకెళ్లిన అమ్మా, ఇది మీ కంట పడితే, సంచి అడుగున ఉన్న ఆ పుస్తకం ఈ రాత్రే చదవండి.