అంజన్ గడ్డి విత్తనం: రెండు ఎండాకాలాలు చూశాక రాస్తున్నా

మాది అనంతపురం జిల్లా. ఎర్ర గరప నేల, బోరులో అరంగుళం నీళ్లు, నాలుగు ఆవులు. కరువుకు తట్టుకునే మేత అని ఎవరేం అమ్మినా కొనేసే పరిస్థితి మాది, అందుకే కొనే ముందు ఇది చదవండి. అర ఎకరంలో అంజన్ గడ్డి వేశాను. గడ్డికి ఐదుకు నాలుగు ఇస్తా, అమ్మినవాళ్లకు ఒకటి కూడా ఇవ్వను.

ముందు విత్తనం సంగతి. ఫోన్లో ఆర్డర్ పెడితే రెండు కిలోలు వచ్చింది. సంచి విప్పితే విత్తనమా దూదా అన్నట్టుంది, గింజ చుట్టూ నూగు, గుప్పిట్లో పట్టుకుంటే బరువే తెలీదు, ఊదితే ఎగిరిపోతుంది. రకం పేరు లేదు, ఎప్పుడు దూసిందో లేదు, "దుక్కి చేసి చల్లండి" అని మాత్రం ఉంది. జూన్‌లో సగం చల్లాను. వాన పడింది, పదును బాగుంది, పదిహేను రోజులు పొద్దునా సాయంత్రం పోయి చూశాను, అక్కడొకటి ఇక్కడొకటి మొలిచింది, మిగతాది చీమలు వరసగా మోసుకుపోతున్నాయి. ఫోన్ చేస్తే "మీ నేలలోనే లోపం" అన్నారు.

లోపం నేలది కాదు. అంజన్ గింజ దూసిన కొత్తలో మొలవదు, కొన్ని నెలలు నిద్రలో ఉంటుంది. ఈ ఒక్క ముక్క వాళ్లు చెప్పి ఉంటే నాకు ఒక ఏడాది మిగిలేది. అటక మీద పడేసిన మిగతా కిలోని మరుసటి ముంగారుకు చల్లితే, అదే నేల, అదే సంచిలో విత్తనం, ఈసారి బాగా మొలిచింది. ఈసారి అమ్మా నేనూ రెండు రోజులు కూర్చుని పేడ, ఎర్రమట్టి కలిపి శనగ గింజంత ఉండలు చేసి ఆరబెట్టి చల్లాం, గాలికి పోలేదు, చీమలకూ దొరకలేదు. లోతుగా మాత్రం పడనీయకండి, సెంటీమీటరు దాటితే మొలక పైకి రాలేదు.

మొదటి ఏడు ఎదుగుదల తక్కువ. పక్క పొలం అన్న గట్టు మీద నిలబడి "ఏమప్పా, చెత్త పెంచుతున్నావా?" అన్నాడు. ఆ ఏడు ఒక్క కోతే తీసుకున్నాను, ఆవుల్ని లోపలికి పోనీయలేదు.

అసలు పరీక్ష ఎండాకాలంలో. పక్కనే పావు ఎకరం కో-4 నేపియర్ అనే పచ్చిమేత గడ్డి ఉంది. నీళ్లున్నన్నాళ్లూ దానికి సాటి లేదు, నలభై ఐదు రోజులకో కోత, ఆకు మెత్తన, పాలు పెరిగాయి. మార్చి ఆఖరుకు బోరు దిగిపోయింది. నేపియర్ దుబ్బులు ఒక్కొక్కటే ఎండి, మే నెలలో లాగితే వేళ్లతో సహా చేతికొచ్చాయి. అంజన్ కూడా ఎండింది, ఆ మాట దాచను, చూస్తే చచ్చిపోయిందనే అనుకుంటారు. కానీ దుబ్బు మొదట్లో వేలు పెట్టి చూస్తే ఉబ్బుగా, గట్టిగా తగిలింది, తిండి దాచుకునేది అక్కడే. మొదటి వాన పడిన ఐదో రోజుకు ఆ ఉబ్బుల పక్క నుంచి పచ్చటి పిలకలు వచ్చేశాయి. ఆ పొద్దున అమ్మను పిలుచుకొచ్చి చూపించాను.

అమ్మేవాళ్లు కలిపేసి చెప్పే తేడా ఇదే. ఉన్న నీళ్లతో ఎక్కువ మేత ఇవ్వడం ఒకటి, నీళ్లు లేనప్పుడు బతికి ఉండడం ఇంకొకటి. మొదటిదాన్ని వందేళ్ల కిందటే అమెరికాలోని కొలరాడోలో బ్రిగ్స్, షాంట్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మొక్కల్ని కుండీల్లో పెంచి కొలిచారు: కిలో ఎండుమేతకు లూసర్న్ అనే పప్పుజాతి మేత 800 లీటర్లకు పైన తాగితే జొన్నకు 300 చిల్లర సరిపోయింది. నేపియర్‌ది కూడా జొన్న తరహా ఆకే, అంటే తాగిన నీళ్లకు ఎక్కువ మేత ఇస్తుంది. కో-4 ని కోయంబత్తూరులో సజ్జతో నేపియర్‌ని సంకరం చేసి 2008లో విడుదల చేశారు, కోతల దిగుబడి కోసం చేసిన రకం అది, తడి ఇచ్చేవాళ్లకు బంగారం. దాన్ని పట్టుకుని "నీళ్లు అక్కర్లేదు" అని మెట్ట రైతుకు పిలకలు అమ్మడం అన్యాయం.

అంజన్ రెండో కోవది, నీళ్లు లేనప్పుడు బతికి ఉండేది. దీన్ని మెరుగుపరచడమూ కష్టమే, ఎందుకంటే గింజ ఫలదీకరణ లేకుండానే కడుతుంది, ప్రతి మొక్కా తల్లికి అచ్చు నకలు. అమెరికాలోని టెక్సస్‌లో మామూలుగా ఫలదీకరణ జరిగే మొక్క ఒకటి దొరికాక గానీ దీనిలో సంకరాలకు దారి పడలేదు. మనదేశంలో జోధ్‌పూర్, ఝాన్సీ పరిశోధన కేంద్రాల నుంచి వచ్చిన కాజ్రీ 75, బుందేల్ అంజన్ 1 లాంటి రకాలున్నాయి, కొనేటప్పుడు పేరు అడగండి. రైతుకు మాత్రం ఈ నకలు గుణం మేలే, మన పొలంలో దూసిన విత్తనం రకం మారిపోదు.

నన్ను దీనివైపు తిప్పింది ఇంకో సంగతి కూడా. అంతకుముందు మేతకు జొన్న వేసేవాళ్లం. ఒక ఏడు వాన మొహం చాటేసింది, మోకాలెత్తులో వాడిన జొన్నలో మా పెయ్యదూడ పడింది. నాము తగిలింది. వణికి, నోట నురగ కక్కి, డాక్టరు వచ్చేలోపే పోయింది. ఎండకు వాడిన లేత జొన్నలో ఆ విషం ఎక్కువ, పూత దాకా ఆగాలి. అంజన్‌తో ఆ టెన్షన్ లేదు.

లోపాలూ చెబుతా. నేపియర్ అంత మేత రాదు. పూత దాటనిస్తే కాడ ముదురుతుంది, ఆవులు ఆకు గిల్లుకుని వదిలేస్తాయి, కాబట్టి వెన్ను తీసే ముందే కోయండి. పాలిచ్చేవాటికి ఇదొక్కటే చాలదు, నేను శెనక్కాయ కట్టె, గట్టు మీద పెంచే స్టైలో అనే పప్పుజాతి మేత కలిపి వేస్తాను. అడవి అంచున పొలాలున్నవాళ్లు ఒకసారి ఆలోచించండి, అరిజోనా ఎడారిలో ఇదే గడ్డి అదుపు తప్పి మంటలకు ఆజ్యమైతే వాళ్లు దీన్ని పీకిస్తున్నారు.

బోరులో నీళ్లు పుష్కలంగా ఉంటే ఇది కొనకండి, నేపియరే వేసుకోండి. నేను కార్తీకంలో సొంతంగా దూసిన విత్తనం సంచి మీద తేదీ రాసి అటకెక్కించాను. జూన్‌కు దాని నిద్ర తీరుతుంది, పదును దొరికితే ఇంకో అర ఎకరం చల్లుతాను.