అర్ధరాత్రి దాటిన ఏడు నిమిషాలకు: ‘ఎ మాన్‌స్టర్ కాల్స్’ నవల

యంగ్ అడల్ట్ నవలల్లో, అంటే టీనేజి పాఠకుల కోసం రాసే నవలల్లో, నాకు మొదటినుంచీ ఒక్క రకం మీదే మక్కువ. కథలో జరగరాని వింత ఒకటి జరగాలి, ఆ వింత వెనుక గుండెను పట్టి ఆపే దుఃఖం ఒకటి ఉండాలి. రెండింటిలో ఏది కొరవడినా నాకు తృప్తి ఉండదు. వింత మాత్రమే ఉన్న నవల చదివినంతసేపూ బాగానే ఉంటుంది గానీ, మూసిపెట్టిన మర్నాటికే అందులోని రాజ్యాల పేర్లు మరపున పడతాయి. దుఃఖం మాత్రమే ఉన్నది, అందులోనూ జబ్బు చుట్టూ అల్లినది, పాఠకుణ్ణి ఏడిపించి తీరాలన్న పంతంతో రాసినట్టు అనిపించి విసుగు పుట్టిస్తుంది. ఈ అభిరుచి ఉన్నవారు ఒక్క పుస్తకం పేరు చెప్పమంటే తడుముకోకుండా నేను చెప్పేది పాట్రిక్ నెస్ రాసిన ‘ఎ మాన్‌స్టర్ కాల్స్’. దీన్ని ఈమధ్యే మూడోసారి చదివాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి ఏడవడం కోసం, మూడోసారి మాత్రం రచయిత నన్ను ఎక్కడ ఏ కిటుకుతో ఏడిపించారో పట్టుకుందామన్న పట్టుదలతో చదివాను. కిటుకులు కొన్ని దొరికాయి, అయినా ఏడుపు ఆగలేదు.

ఈ నవల పుట్టుకే ఒక విషాదం. దీని ఆలోచన షివాన్ డౌడ్ అనే రచయిత్రిది. పిల్లల కోసం, టీనేజి పాఠకుల కోసం నాలుగు నవలలు రాసిన ఆమె రొమ్ము క్యాన్సర్‌తో 2007 ఆగస్టులో, 47 ఏళ్ళ వయసులో మరణించారు. ఆమె రాసిన ‘బాగ్ చైల్డ్’ నవలకు 2009లో బ్రిటన్ బాలసాహిత్యంలో అత్యున్నతమైన కార్నెగీ పతకం దక్కేనాటికి దాన్ని అందుకోవడానికి ఆమె లేరు. ఐదో నవలకు పాత్రలు, ఇతివృత్తం, మొదటి కొన్ని పుటలు మాత్రం మిగిల్చి వెళ్ళారు. ఆ సామగ్రిని నెస్ చేతికి అప్పగించారు. ఆయన ఆమెను ఎన్నడూ కలుసుకోలేదు. ఆమె గొంతును అనుకరించబోననీ, ఆమె చదివితే మెచ్చుకునే పుస్తకం రాయాలన్నదే తన ఉద్దేశమనీ ముందుమాటలో ఆయన చెప్పుకున్నారు. ఒకరు మొదలుపెట్టి మరొకరు ముగించిన పుస్తకాల్లో అతుకులు కనబడకుండా ఉండడం అరుదు. 2011లో వాకర్ బుక్స్ ప్రచురించిన ఈ నవలలో ఎంత వెతికినా నాకు అతుకు కనబడలేదు.

కానర్ ఓమాలీకి పదమూడేళ్ళు. ఇంగ్లండులోని ఒక చిన్న ఊళ్ళో తల్లితో కలిసి ఉంటాడు. తల్లికి క్యాన్సర్, చికిత్స మీద చికిత్స జరుగుతూ ఉంటుంది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకుని అమెరికాలో స్థిరపడ్డాడు. పొద్దున లేచి తన ఫలహారం తానే చేసుకుని, బట్టలు ఉతికే యంత్రంలో వేసి, చెత్త బయటపెట్టి బడికి పోయే కానర్‌ను చూస్తే, ఎవరూ చెప్పకుండానే ఇంటి పెద్దరికం వాడి మీద పడిందని మనకు తెలిసిపోతుంది. ఇంటి వెనుక గుట్ట మీద చర్చి, దాని శ్మశానంలో ‘యూ’ (yew) అనే జాతికి చెందిన ఒక ముసలి వృక్షం ఉన్నాయి. ఒక రాత్రి సరిగ్గా 12 గంటల 7 నిమిషాలకు ఆ చెట్టు మనిషి ఆకారం దాల్చి, నడిచి వచ్చి, కిటికీ దగ్గర నిలబడి కానర్‌ను పేరు పెట్టి పిలుస్తుంది. వాడు భయపడడు. వాణ్ణి రోజూ రాత్రి నిద్రలోంచి లేపే పీడకల ముందు ఈ భూతం ఏపాటిది? భయపడనందుకు చిన్నబోయేది ఆ భూతమే. కలేనని వాడు సరిపెట్టుకుందామంటే, తెల్లవారేసరికి గదినిండా యూ ఆకులు రాలి ఉంటాయి. వాటిని ఎవరి కంటా పడకుండా ఊడ్చి చెత్తసంచిలో కుక్కడం కూడా వాడి ఇంటిపనుల్లో ఒకటైపోతుంది.

భూతం పెట్టే షరతు ఏమిటంటే, అది మూడు కథలు చెబుతుంది, అవి ముగిశాక నాలుగో కథ కానర్ చెప్పాలి. ఆ నాలుగోది వాడు ఎవరికీ చెప్పని నిజం కావాలి. ఇక్కడికి రాగానే తెలుగు పాఠకుడికి బేతాళ కథలు గుర్తుకు రాకపోవు. అక్కడా చెట్టు ఉంది, శ్మశానం ఉంది, రాత్రివేళ ఉంది, చిక్కుముడి లాంటి కథ ఉంది. కాని విక్రమార్కుడు తీర్పు చెప్పగానే కథ తెగిపోతుంది, అడిగినవాడికీ విన్నవారికీ మనసు కుదుటపడుతుంది. ఈ భూతం చెప్పే కథల్లో కానర్ ఇచ్చే ప్రతి తీర్పూ తప్పుతుంది, వాడితోపాటు మన తీర్పూ తప్పుతుంది. పైగా బేతాళుడు రాజు మౌనం వీడగానే శవంతో సహా తిరిగి చెట్టెక్కుతాడు. ఇక్కడ కుర్రవాడు మౌనం వీడేదాకా చెట్టు వాణ్ణి వదలదు.

మొదటి కథ ఒక్కటీ ముగింపుతో సహా చెబుతాను, దానివల్ల పుస్తకం రుచి చెడదు. ముసలి రాజు చనిపోతాడు. మంత్రగత్తె అని పేరుపడిన అతని రెండో భార్య, మనవడికి ఈడు వచ్చేదాకా రాజ్యం ఏలుతుంది, ఆ తరువాత కూడా అధికారం వదులుకోలేక ఆ మనవడినే పెళ్ళాడాలని చూస్తుంది. రాకుమారుడు తాను ప్రేమించిన రైతు కూతురితో పారిపోయి యూ చెట్టు కింద నిద్రపోతాడు. తెల్లవారేసరికి ఆ పిల్ల హత్యకు గురై ఉంటుంది. రాణే చంపించిందని జనం కోట మీదికి దండెత్తుతారు, భూతమూ వారితో నడుస్తుంది, తీరా కోటకు చేరాక రాణిని ఎత్తుకుపోయి జనం చేతికి చిక్కకుండా కాపాడుతుంది. ఎందుకంటే పిల్లను చంపింది రాకుమారుడే. వాడే తరువాత చాలాకాలం ప్రజలు మెచ్చిన రాజుగా బతుకుతాడు. రాణి మంత్రగత్తె అన్నది నిజమే, హంతకురాలు కాదన్నదీ అంతే నిజం. కానర్‌కు మండిపోతుంది. తనకు గిట్టని అమ్మమ్మతో మంచిగా మెలగాలని నీతి చెప్పడానికే ఈ కథ చెప్పావా అని అడుగుతాడు. భూతం నవ్వుతుంది. పిల్లల పుస్తకంలో ఒక పెద్దదిక్కు నీతి చెప్పబోనని నవ్వేయడం నాకు ఈ నవల మీద గురి కుదిర్చిన మొదటి చోటు.

రచయిత ఏరికోరి యూ వృక్షాన్నే ఎందుకు తెచ్చారన్నది రెండో కథలో బోధపడుతుంది. బ్రిటన్‌లో పాత చర్చిల శ్మశానాలలో తరచు కనిపించే ఈ చెట్టు వందల ఏళ్ళు బతుకుతుంది. ఎర్రని పండు మీది గుజ్జు తప్ప దీని ఆకు, బెరడు, గింజ అన్నీ విషమే. అదే కుటుంబానికి చెందిన పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచే, రొమ్ము క్యాన్సర్‌కూ అండాశయ క్యాన్సర్‌కూ వాడే ప్యాక్లిటాక్సెల్ అనే మందును మొదట వేరుచేశారు. కానర్ తల్లికి వైద్యులు చివరి ఆశగా ఇచ్చే మందు కూడా యూ చెట్ల నుంచి వచ్చినదే. ఈ ముక్క వినగానే, చెట్టు నడిచి వచ్చింది అమ్మను బతికించడానికేనని కానర్ నమ్ముతాడు. అమ్మ రోజూ కిటికీలోంచి చూసి మురిసిన చెట్టు అది. మనమూ నమ్ముతాం, నమ్మకూడదని లోపల తెలిసి కూడా నమ్ముతాం. వింత కథల అభిమానులకు ఉండే బలహీనతనే రచయిత ఇక్కడ మన మీదికి తిప్పికొట్టారు. కథలోకి అద్భుతం వచ్చిందంటే అది ఏదో ఒకటి బాగుచేసి పోతుందని ఎన్నో నవలలు మనకు అలవాటు చేశాయి.

రెండో కథ మూలికల వైద్యుడికీ, ఊరివాళ్ళు అతని దగ్గరికి పోకుండా చేసిన మతగురువుకూ మధ్య తగవు. దాని మలుపు చెప్పను గాని, ఆ కథ చివర భూతం ఆ గురువు ఇల్లు కూలుస్తుంది, కానర్‌నూ ఆ పనికి పురమాయిస్తుంది. వాడు కిటికీలు పగలగొట్టి, సామాను విరగ్గొట్టి, గొంతు బొంగురుపోయేదాకా అరుస్తాడు. స్పృహ వచ్చి చూసుకుంటే వాడు నిలబడి ఉన్నది అమ్మమ్మ ముందుగదిలో, అమ్మమ్మ ప్రాణంగా చూసుకునే పాతకాలపు గడియారం, సోఫా, సమస్తం ముక్కలై ఉన్న చోట. అమ్మమ్మ వస్తుంది. ఆ క్షణం కోసం వాడితోపాటు ఊపిరి బిగబట్టిన మనం తిట్లో దెబ్బలో ఎదురుచూస్తాం. ఆమె నోటి నుంచి మాట రాదు, ఒక మూలుగు వస్తుంది. ఆ తరువాత ఆమె, గదిలో పడకుండా మిగిలిన ఒకే ఒక్క అద్దాల బీరువాను తానే పట్టి లాగి కింద పడదోసి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. చచ్చిపోతున్నది తన కూతురు కూడా అన్న మాట ఆ పుటలో ఎక్కడా లేదు. నేను చదివిన ఈ కోవ నవలలన్నింటిలోకీ ఇంత తక్కువ మాటల్లో ఇంత చెప్పిన ఘట్టం మరొకటి గుర్తుకు రావడం లేదు.

ఇంత విధ్వంసం చేసినా కానర్‌ను ఎవరూ శిక్షించరు. అమెరికా నుంచి చూడవచ్చిన తండ్రి శిక్షించి ఏం లాభమంటాడు, తరువాత బడిలో అంతకంటే పెద్ద తప్పు చేసినప్పుడు ప్రధానోపాధ్యాయురాలూ దాదాపు అదే అంటుంది. పెద్దలు అది దయ అనుకుంటారు. కానర్‌కు కావలసింది శిక్ష. ఎందుకు కావాలో నాలుగో కథలో గాని తెలియదు, తెలిశాక వెనక్కు వెళ్ళి మొదటి పుట నుంచి చదవకుండా ఉండలేం. ఆత్మీయులు నెలల తరబడి మంచం పట్టిన ఇళ్ళలో మెలిగినవారికి ఆ నిజం కొత్తది కాదు, బయటికి అనరానిది అంతే. నేను దాన్ని ఇక్కడ రాయను.

లోపాలు లేకపోలేదు. మూడో కథ మిగతా రెండింటి ముందు తేలిపోయింది. ఎవరి కంటికీ ఆనని మనిషి కథ అది, దాని ఊహ చక్కనిది, కాని రెండు మూడు పుటల్లో ముగించి నేరుగా భోజనశాలలో జరిగే కొట్లాటలోకి దూకారు. అయితే, ఆ కథకు ముందు హ్యారీ అనే కుర్రవాడు, ఇంతకాలం కానర్‌ను కొడుతూ వచ్చినవాడు, ఇకనుంచి నువ్వు నాకు కనబడవని మర్యాదగా చేయి కలిపి వెళ్ళిపోయే సన్నివేశం మాత్రం దెబ్బల కంటే ఎక్కువ బాధిస్తుంది. చిన్ననాటి స్నేహితురాలు లిలీకి దక్కిన చోటు సరిపోలేదు. తల్లి జబ్బు సంగతి బడిలో పొక్కనిచ్చిందని ఆమె మీద కానర్‌కు కోపం, ఆ తగవు తీరిన తీరులో తొందర కనబడుతుంది. తండ్రి పాత్ర కేవలం చేతకానితనానికి బొమ్మ కట్టినట్టుంది. మూడో పఠనంలో ఇవి కళ్ళకు కట్టాయి, మొదటిసారి ఒక్కటీ గమనించలేదు.

కొనేవారికి ఒక సూచన. జిమ్ కే గీసిన బొమ్మలున్న ప్రతినే తీసుకోండి. నలుపు తెలుపుల్లో, గీతలు గరుకుగా, సిరా చిమ్మినట్టు ఉండే ఆ బొమ్మలు పుట అంచుల నుంచి అక్షరాల మధ్యకు కొమ్మల్లా పాకుతాయి. భూతం ఎంతసేపటికీ పూర్తిగా కనబడదు, కానర్ కూడా చాలావరకు నీడగానే మిగులుతాడు. దానివల్ల ఆ కుర్రవాడి ముఖం ప్రతి పాఠకుడూ తనకు తెలిసిన ముఖంతో నింపుకుంటాడు. 2012లో ఈ పుస్తకం రచనకు కార్నెగీ పతకాన్నీ, చిత్రాలకు కేట్ గ్రీనవే పతకాన్నీ కలిపి గెలుచుకుంది. ఒకే పుస్తకానికి ఆ రెండూ రావడం అదే మొదటిసారి. నెస్‌కు అంతకుముందు ఏడాది కూడా మరో నవలకు కార్నెగీ దక్కింది. చిన్న తెర మీద చదివితే రెండు పుటలు పరుచుకున్న చిత్రాలు ముక్కలవుతాయి కనుక ఇది కాగితం మీదే చదవవలసిన నవల. నటుడు జేసన్ ఐజక్స్ చదివిన శ్రవణ పుస్తకం బాగుంటుంది గాని, దాన్ని రెండో పఠనానికి దాచుకోవడం మేలు.

2016లో జె. ఎ. బయోనా దర్శకత్వంలో వచ్చిన సినిమాకు స్క్రీన్‌ప్లే నెస్‌దే, భూతానికి గొంతు లియమ్ నీసన్‌ది. భూతం చెప్పే కథలను నీటిరంగుల బొమ్మలుగా కదిలించిన తీరు ముచ్చటగా ఉంది. అయితే పుస్తకం చెప్పకుండా వదిలేసిన ఒక ఓదార్పును సినిమా చివర అదనంగా చేర్చింది. కొందరికి అదే నచ్చింది, నాకు మాత్రం అక్కడ ఒక మెట్టు దిగినట్టనిపించింది.

ఇంగ్లీషు కష్టం కాదు. వాక్యాలు పొట్టివి, అధ్యాయాలు చిన్నవి, భూతం మాటలన్నీ వాలు అక్షరాల్లో ఉంటాయి గనుక ఎవరు మాట్లాడుతున్నారో తికమక ఉండదు. పన్నెండేళ్ళ పిల్లలు నిరాటంకంగా చదవగలరు. పెద్దలు ఒక్క సాయంత్రంలో ముగించగలరు గాని, ఆ సాయంత్రం తరువాత ఎవరితోనైనా మాట్లాడే పని పెట్టుకోకండి. ఇంట్లో ఇలాంటి జబ్బు ఉన్న పిల్లవాడికి దీన్ని ఇవ్వవచ్చునా అని నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇది నీకు మంచిదని చెప్పి చేతిలో పెట్టడం నాకు ఇష్టం లేదు. కానర్ చుట్టూ ఉన్న పెద్దలంతా చేసిన తప్పు దాదాపు అలాంటిదే. వాడికి అందే అరలో, మిగతా పుస్తకాల మధ్య పెట్టి ఊరుకుంటే చాలు. చదివాడా అని మాత్రం అడగవద్దు.