హీట్ పంప్ గీజర్, రెండు చలికాలాల తర్వాత: కరెంటు పోయొస్తే అంతా మర్చిపోతుంది

మాది అనంతపురం. మిద్దె మీద 3 కిలోవాట్ల సోలార్, వెనక యుటిలిటీలో 200 లీటర్ల హీట్ పంప్ (గాలిలో వేడిని లాక్కుని నీళ్ళు కాచే గీజర్), ఇంట్లో ఆరుగురం. మొదటి ఏడాది అడిగినోళ్ళందరికీ ఇంకేం ఆలోచించొద్దు తీసుకోండప్పా అని చెప్పినా, ఇప్పుడు కూడా వద్దనను గానీ ఒక్క సంగతి తెలుసుకోని తీసుకోండి. కంపెనీ పేరు వద్దులే. మా మోడల్‌కి కరెంటు పోయి వస్తే మనం పెట్టిన మోడూ గుర్తుండదు, టైమరూ గుర్తుండదు, సొంతంగా ఆటో మోడ్‌లోకి పోయి కూర్చుంటుంది. లక్ష పైన పోసి కొన్న మిషన్‌కి నూర్రూపాయల గోడ గడియారానికి ఉన్నంత బుద్ధి కూడా లేదు!

ఆటో అంటే ఏమంటే, నీళ్ళు 60 డిగ్రీలకి పోవాల, కంప్రెసర్ (గాలి వేడిని లాగే భాగం) ఒక్కటే 55 దాకా బాగానే తీసుకుపోతుంది, ఆపైన లోపలున్న 2 కిలోవాట్ల కాయిల్, అంటే మామూలు గీజర్‌లో ఉండేలాంటిదే, ఆన్ అవుతుంది. ఎకోలో పెడితే కంప్రెసర్ ఒక్కటే నడుస్తుంది. 200 లీటర్లని 22 నుంచి 52కి తేవాలంటే మామూలు గీజర్‌కి 7 యూనిట్లు కావాల, ఇది మధ్యాహ్నం 2 యూనిట్ల చిల్లరలో చేసేస్తుంది. ఇదే నేను అందరికీ చెప్పిన లెక్క, అబద్ధం కాదు, కాకపోతే ఎకోలో, మధ్యాహ్నం పూట నడిస్తేనే.

పోయిన డిసెంబర్ బిల్లు చూసి ఫస్ట్ సోలార్ మీద అనుమానపడినాం. చలికాలం ఎండ తక్కువ కదా అని మా మామ మొదలుపెట్టినాడు. సోలార్ ఇన్వర్టర్ (ప్యానెల్ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) యాప్ తీసి చూస్తే రోజుకి 12 యూనిట్ల దగ్గర్లో వస్తానే ఉంది! ఏప్రిల్లో 14 దాకా వచ్చేది, జూలై మబ్బుల్లో 11 కూడా కష్టం, అంటే మన దగ్గర చలికాలం వానాకాలం కంటే మేలు. సూర్యుడు దక్షిణానికి పోతాడు, ప్యానెల్స్ కూడా దక్షిణానికే వాలి ఉంటాయి, పైగా చల్లగా ఉంటాయి. ప్యానెల్ 25 డిగ్రీలు దాటినాక ప్రతి డిగ్రీకి దగ్గర దగ్గర 0.3, 0.4 శాతం తగ్గుతుంది, మన ఏప్రిల్ ఎండలో అది 60 దాటి కాలిపోతా ఉంటుంది కదా. యూట్యూబ్‌లో ఇంగ్లండు, జర్మనీ వాళ్ళు చలికాలం సోలార్ రాదు, హీట్ పంప్ కరెంటు తాగేస్తుంది అని ఏడుస్తుంటారు, నిజమే, లండన్లో డిసెంబర్ పగలు 8 గంటలు కూడా ఉండదు, వాళ్ళు ఇల్లంతా వేడి చేసుకోవాల. మనకి పగలు 11 గంటల పైనే, కావాల్సింది స్నానాలకి నీళ్ళు. వాళ్ళ వీడియోలు చూసి భయపడొద్దు.

సరే, సోలార్ బాగానే ఉంటే బిల్లులో ఇంపోర్ట్ కాలమ్ (బయట లైన్ నుంచి మనం తీసుకున్న కరెంటు) ఎందుకు పెరిగినట్టు? హీట్ పంప్ లైన్‌కి ఒక సబ్ మీటర్ పెట్టించి రాత్రి పడుకునేముందు ఒకసారి, పొద్దున ఒకసారి రీడింగ్ రాసుకున్నా. తెల్లారేలోపే 5 యూనిట్లు తినేసింది. ఎలక్ట్రీషియన్‌ని తెల్లవారుజామున రమ్మంటే పాపం తిట్టుకుంటానే వచ్చినాడు, టాంగ్ టెస్టర్ (వైర్‌లో పోయే కరెంటు కొలిచేది) వేస్తే 12 ఆంప్స్ పైన చూపిస్తాంది, కంప్రెసర్ ఒక్కటే అయితే ఉండాల్సింది 4. "అన్నా, ఇది హీట్ పంప్ కాదన్నా ఇప్పుడు, ఉత్త గీజరే" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ నెలంతా మా వీధిలో లైన్ పనులని రోజు మార్చి రోజు కరెంటు తీస్తా ఉన్నారు. తీసిన ప్రతిసారీ ఇది ఆటోలోకి పోవడం, రాత్రి స్నానాలకి నీళ్ళు ఖాళీ అయినాక తెల్లవారుజామున చలిలో కాయిల్‌తో కాయడం!

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే అది సేఫ్టీ ఫీచర్ సార్ అన్నారు. ఎవరికి సేఫ్టీనో. నాలుగైదుసార్లు గొడవ పెట్టుకున్నాక కర్నూలు నుంచి వాళ్ళ టెక్నీషియనే వచ్చి కాయిల్ వైర్‌ని బయట విడిగా ఒక స్విచ్‌కి ఇచ్చినాడు, వారంటీ పోకుండా వాళ్ళ సర్వీస్ జాబ్ కార్డులో కూడా రాయించుకున్నా. ఇప్పుడు మిషన్ ఆటోలోకి పోయినా కాయిల్‌కి కరెంటే అందదు. ఆదివారం ఒక్కరోజు ఆ స్విచ్ వేసి 60 దాటిస్తాం, గోరువెచ్చగా నిలవున్న నీళ్ళలో బాక్టీరియా పెరుగుతుంది, మాన్యువల్లో కూడా ఉంది, ఇది మాత్రం మానొద్దు.

నెట్ మీటరింగ్ (లైన్‌కి మనం ఇచ్చిన కరెంటుని తీసుకున్నదాంట్లోంచి తీసేసే లెక్క) ఉన్నాక ఎప్పుడు నడిస్తే ఏంలే, యూనిట్‌కి యూనిట్ పోతుంది కదా అంటాడు మా బావమరిది. బిల్లు వరకు కరెక్టే, కానీ హీట్ పంప్ గాలిలో వేడిని లాక్కుంటుంది, జనవరిలో తెల్లవారి 17 డిగ్రీల గాలికి, మధ్యాహ్నం 30 డిగ్రీల గాలికి తేడా ఉండదా? కాయిల్ లేకుండా కూడా అదే నీళ్ళకి తెల్లవారుజామున 2.7 యూనిట్లు, మధ్యాహ్నం 2.1, నా మీటర్లో.

ఇంకోటి, మధ్యాహ్నం కరెంటు తీస్తే సోలార్ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది, ఎండ మండిపోతున్నా సరే. అందుకే టైమర్ 11 నుంచి 4 దాకా వెడల్పుగా పెట్టినా, కాకపోతే కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ మోడూ టైమరూ మళ్ళీ పెట్టుకోవాల్సిందే. డిసెంబర్ తర్వాత వాన పడదు, దుమ్ము పేరుకుంటుంది, ప్యానెల్స్ తుడుచుకోవాల్సిందే, బోరు నీళ్ళతో కడిగితే తెల్లమచ్చలు పడతాయి, మేము ఫిల్టర్ నీళ్ళు వాడతాం.

మీ ఇంట్లో ఇద్దరే ఉంటే ఇంత డబ్బు పెట్టొద్దు, 15 లీటర్ల గీజర్ చాలు. నీళ్ళు మెత్తగా ఉండేచోట అయితే మామూలు సోలార్ వాటర్ హీటర్ దీనికంటే చాలా చవక, మాది ఉప్పుబోరు, పాత హీటర్ గొట్టాలు ఉప్పు పట్టి పోయినాయి కాబట్టే దీనికి వచ్చినాం. దీంట్లో కూడా ఉప్పు పట్టదని కాదు, 50 దగ్గర ఉంచితే కొంచెం నిదానంగా పడుతుంది అంతే, ట్యాంకులో ఆనోడ్ రాడ్ (ట్యాంకు తుప్పు పట్టకుండా తను అరిగిపోయే కడ్డీ) ఈ ఎండాకాలం మార్చాలన్నాడు టెక్నీషియన్, రేటు ఇంకా చెప్పలేదు. కొనేవాళ్ళు షాపులోనే ప్లగ్ పీకి మళ్ళీ పెట్టించి మోడ్ మారిందో లేదో చూడండి, డెమో పీస్ లేదంటే ఇంకో షాపుకి పోండి.