గంగదేవిపల్లి నుంచి ఆర్మూరు దాకా: కట్టుబాటు ఊళ్లలో మూడు రోజులు

డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్లుగా సైకాలజీ చెప్తున్నాను. అమెరికన్ సైకాలజిస్టు బి.ఎఫ్. స్కిన్నర్ పాఠం వచ్చిన ప్రతిసారీ, మీట నొక్కి మేత తెచ్చుకునే ఎలుక దగ్గరే ఆగిపోతాం. ఆయన 1948లో ‘వాల్డెన్ టూ’ అనే నవల రాశాడని, మంచి ఫలితం దొరికిన పనిని మళ్లీ మళ్లీ చేస్తారన్న తన సిద్ధాంతం మీద అందులో వెయ్యి మంది బతికే ఊరినే కట్టి చూపించాడని మా సిలబస్‌లో ఉండదు. ఆ ఊళ్లో జీతాలు లేవు, పనికి క్రెడిట్లు. రోజుకు నాలుగు క్రెడిట్ల పని చేస్తే చాలు. ఎవరూ ఇష్టపడని మురుగు పనికి గంటకు ఎక్కువ క్రెడిట్లు, పూలతోట పనికి తక్కువ. దండన మాత్రం లేదు. భయపెడితే చెడు అలవాటు అణిగి ఉంటుందే తప్ప పోదన్నది స్కిన్నర్ మాట.

ఆగస్టులో వరుసగా మూడు సెలవులు కలిసొచ్చాయి. మన దగ్గర కట్టుబాటుతో నడిచే ఊళ్లను ఈ కంటితో ఒకసారి చూద్దామని హనుమకొండ నుంచి బయలుదేరాను.

మొదటి రోజు గంగదేవిపల్లి. వరంగల్‌లో నర్సంపేట వైపు వెళ్లే పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టి ఇచ్చారు. 2023 డిసెంబర్‌లో ఈ ఉచిత ప్రయాణ పథకం మొదలైనప్పటి నుంచి ఆడవాళ్ల ప్రయాణాలు ఎలా మారాయో చూడాలంటే ఈ బస్సు ఎక్కితే చాలు. సీటు దొరకలేదు. నా పక్కన నిలబడ్డ పెద్దమ్మ బిడ్డ ఇంటికి పోతోంది. “ఇదివరకు పండుగకే పోతుంటి, ఇప్పుడు యాదికొస్తే పోతున్న” అంది. క్లాసులో గంటసేపు చెప్పే పాఠం ఆమె ఒక్క మాటలో చెప్పింది.

గంగదేవిపల్లి గురించి మన జిల్లాలో తెలియనివాళ్లు తక్కువ. 1980ల నుంచి మద్యం లేని ఊరు. 1990ల మధ్యలో విడి గ్రామ పంచాయతీ అయినప్పుడు మొదటి పాలకవర్గం మొత్తం ఆడవాళ్లదే. నీళ్లకో కమిటీ, ఆరోగ్యానికో కమిటీ, చదువుకో కమిటీ, ఇలా ప్రతి పనికీ ఒక కమిటీ ఉంది. నాకు అన్నిటికంటే నచ్చింది నీళ్ల ఏర్పాటు. దాన్ని ఊరివాళ్లే నడుపుకుంటారు, డబ్బు కట్టి మరీ తాగుతారు. తన డబ్బు పడ్డ నల్లాను ఎవరూ వదిలేసి పోరు. వీధులు శుభ్రంగా ఉన్నాయని రాస్తే సరిపోదు. చెత్త వేయబోతూ చుట్టూ చూసి ఆగిపోయింది ఊరివాళ్లు కాదు, నేను. చేతిలో బిస్కెట్ కాగితం బస్సు ఎక్కేదాకా అలాగే పట్టుకున్నాను.

ఊళ్లో లాడ్జి వెతుక్కునే పని లేదు, వరంగల్ దగ్గరే. పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. అన్నం డబ్బా కట్టుకుని వెళ్లడం మేలు. ముందుగా పంచాయతీలో చెప్పి వెళ్తే చూపించే మనిషి దొరుకుతాడు. ఊరికే తిరిగి వస్తే సిమెంటు రోడ్లు చూసి వచ్చినట్టే ఉంటుంది.

రెండో రోజు ప్రయాణమే పెద్ద పని. హనుమకొండలో నిజామాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు. జగిత్యాల దాటాక పసుపు చేలు మొదలయ్యాయి. ఆర్మూరులో బస్టాండు దగ్గరి లాడ్జిలో దిగాను. గది పర్వాలేదు కానీ బాత్రూం గొళ్లెం పడదు, వేడినీళ్లు పొద్దున ఏడింటి తర్వాతే. ఒంటరిగా వచ్చిన ఆడమనిషికి గది ఇవ్వడానికి కౌంటర్ దగ్గర అడిగిన ప్రశ్నలు గది అద్దె కంటే బరువుగా ఉన్నాయి. అక్కడ ఒక్క రాత్రి చాలనిపించింది. మర్నాడు మేనమామ కూతురు, మా లక్ష్మి వదిన, వచ్చి “మా ఇల్లుండంగ లాడ్జికేంది?” అని సంచి లాక్కుంది.

ఇద్దరం కలిసి అంకాపూర్ వెళ్లాం. ఆర్మూరు దాటి నిజామాబాద్ రోడ్డు మీద కొద్ది దూరమే. రోడ్డు పక్కన బొగ్గుల మీద మక్కకంకులు కాల్చే ఆడవాళ్ల వరుస. ఎర్రజొన్న విత్తనం, మక్క, పసుపు, ఇవన్నీ అమ్ముకోవడం తెలిసిన ఊరు. ఊరివాళ్లే పెట్టుకుని ఊరి పనులు, తగాదాలు చూసుకునే గ్రామాభివృద్ధి కమిటీ అన్న మాట నిజామాబాద్ జిల్లాలో పుట్టిన పిల్లవాడికి కూడా తెలుసు. అందరూ చెప్పే దేశీ కోడి కూర తిన్నాం. కోడి మొత్తం తీసుకోవాలి, ఇద్దరికి ఎక్కువే, మిగిలింది కట్టించుకోండి. మసాలా ఘాటు, ముక్క గట్టి, రుచి మాత్రం ఎక్కడా దొరకనిది.

తింటూ వదినకు స్కిన్నర్ ఊరి గురించి చెప్పాను. అక్కడ చిన్నపిల్లలకు పొద్దున్నే చక్కెర అద్దిన లాలీపాప్ ఇస్తారు. సాయంత్రం దాకా నాకకుండా ఉంటేనే తినొచ్చు. ఓర్పు అలా నేర్పుతారు. వదిన ముక్క పక్కన పెట్టింది.

“కండ్ల ముంగట పెట్టి తినకు అనుడు కూడా ఒక తీరు దండుగనే గద?”

ఇరవై ఏళ్లలో ఏ విద్యార్థీ నన్ను ఈ ప్రశ్న అడగలేదు.

దండుగ, అంటే జరిమానా, ఎలా ఉంటుందో వదినకు బాగా తెలుసు. ఆమె పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, ఆ చుట్టుపక్కలే ఒక ఊళ్లో, మా మామ పొలం గెట్టు తగాదాను కమిటీ ముందు పెట్టకుండా ఠాణాకు పోయాడు. కమిటీ దండుగ వేసింది. కట్టను అన్నాడు. సాయంత్రం డప్పు చాటింపు. ఆ ఇంటితో మాట్లాడినవాళ్లకూ దండుగే అన్నారు. కిరాణంలో సరుకు ఇవ్వలేదు. మంగలి రాలేదు. బడిలో వదిన పక్కన కూర్చునే పిల్ల జరిగి కూర్చుంది. అత్తమ్మ ఆర్మూరు నుంచి ఉప్పు తెచ్చుకునేది. మూడు నెలలకు మామ డబ్బు కట్టాడు. మళ్లీ ఏ తగాదాకూ నోరు ఎత్తలేదు, చనిపోయేదాకా. క్రమశిక్షణ గల ఊరని ఆ ఊరికి మంచి పేరు.

అందుకే నేను ఊళ్లను తూచేటప్పుడు రోడ్లు, నీళ్లు చూసి మార్కులు వేయలేను. కమిటీ చెప్పినదానికి కాదు అన్నవాడు మర్నాడు ఎలా బతుకుతాడో అడుగుతాను. స్కిన్నర్ ఊరి గురించి చదివి 1967లో అమెరికాలోని వర్జీనియాలో ఎనిమిది మంది 123 ఎకరాల పొలంలో ట్విన్ ఓక్స్ అనే ఉమ్మడి ఊరు మొదలుపెట్టారు. క్రెడిట్ల లెక్క వాళ్లకు మొదట్లో నవలలో లాగే ఉండేది. తర్వాత ఏ పనైనా గంటకు ఒక్కటే క్రెడిట్ అని మార్చుకున్నారు. తాడు ఉయ్యాలలు (హామక్‌లు) అల్లి అమ్ముకుని బతికారు, మెల్లగా స్కిన్నర్ సిద్ధాంతాన్నే పక్కన పెట్టారు. మెక్సికోలో 1973లో మొదలైన అలాంటి మరో ఊరు లాస్ ఓర్కోనెస్ మాత్రం ఆ సిద్ధాంతాన్నే పట్టుకుంది. రూలు నచ్చకపోతే మార్చుకునే వీలు ఉండటం, వెళ్లిపోవాలనుకుంటే దారి ఉండటం, ఇవి నాకు ఏ క్రెడిట్ లెక్క కంటే ముఖ్యం. తాతల నాటి పొలం వదిలి మా మామ ఎక్కడికి పోతాడు?

ఆ రాత్రి వదిన ఇంట్లో పడుకున్నాను. ఇల్లు చిన్నది, దోమతెర ఉంది, చింతపండు చారు ఉంది. పొద్దున టీకి చక్కెర వెతుకుతూ అలమర తీస్తే ఉప్పు పాకెట్లు. లెక్కపెట్టాను, ఆరు ఉన్నాయి. ఉన్నది ఇద్దరు మనుషులు.

బస్టాండుకు వస్తూ అడిగాను, ఇప్పుడు వాళ్ల ఊళ్లో కమిటీ ఎలా ఉందని.

“మీటింగుకు నేనే పోత. ఎనుక కూసుంట.”

స్కిన్నర్ నవలలో ఊరిని నడిపేది ఆరుగురు, ముగ్గురు ఆడవాళ్లు, ముగ్గురు మగవాళ్లు అని చెప్పాను. గంగదేవిపల్లి మొదటి పంచాయతీ సంగతి కూడా చెప్పాను. ముందు వరుసలో కూర్చోమన్నాను.

“ముంగట కుర్చీలు మాకు ఎయ్యరు. ఈసారి ఇంటి నుంచి తీస్కపోత” అంది.

కరీంనగర్ బస్సు వచ్చింది. పసుపు కొమ్ముల సంచి కిటికీలోంచి అందించి, కండక్టర్‌తో నాకు సీటు కోసం గట్టిగానే మాట్లాడింది.